గడ్డానికి చెప్పిన అబద్ధాలు

మా ఆఫీసులో నా పని గీతలు దించడం. కాలువల పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి, కింద కనిపించే గీతను పైన నల్ల ఇంకుతో గీయాలి. చెయ్యి జారి గీత పక్కకు పోతే రబ్బరుతో పోదు. సగానికి విరిచిన బ్లేడు తీసుకుని, ఇంకు ఆరాక, కాగితం చిరగకుండా పైపైన గీకాలి. నల్గొండలో అప్పటికి పదకొండేళ్లుగా అదే పని చేస్తున్నాను. నేను గీకిన చోటును వెలుతురుకు పెట్టి చూసినా దొరకదని మా ఇంజనీరు నలుగురిలో అంటే పొంగిపోయేవాణ్ణి కూడా. అలాంటివాడు బ్లేడు చూసి వణుకుతున్నాడంటే నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

తొంభైల చివర్లో ఎనిమిది నెలలు అలా వణికాను. ఇది రాయడం రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను. ఈసారి మానను.

మాది రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు చిన్న వాకిలి. పొద్దున్నే కిటికీ ఊచకు అద్దం తగిలించి, స్టూలు మీద కూర్చుని గడ్డం గీసుకునేవాణ్ణి. మా పాపకు అప్పుడు రెండేళ్లు. నేను నురగ రాసుకోవడం చూస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి నా మోకాళ్ల మధ్య నిలబడేది. దాని ముక్కుకు కాస్త నురగ అంటించాలి, లేకపోతే రాగం తీస్తుంది.

దసరా ముందు ఒకరోజు అలాగే ముక్కుకు నురగ అంటించాను. తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. మెడ మడతల్లో పౌడరు తెల్లగా కనిపించింది. నా చేతిలో రేజరు ఉంది. ఇది ఆ మెడ మీద పెడితే అన్న తలపు వచ్చింది. ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు, నా తలపే. నాకు కోపం లేదు, నిద్ర చాలకపోవడం లేదు, ఇంట్లో గొడవ లేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. అయినా వచ్చింది. రేజరును నీళ్ల మగ్గులో పడేసి, "బాపుకు పనున్నది, అమ్మ దగ్గరికి పో" అని దాన్ని లోపలికి తోశాను. సగం గడ్డంతోనే ఆఫీసుకు వెళ్లాను.

మర్నాడు రేజరు ముట్టుకోకముందే ఆ తలపు వచ్చి కూర్చుంది. తర్వాత కూరలు కోసే కత్తిపీట దగ్గర వచ్చింది. కత్తిపీటను సజ్జ మీదికి ఎక్కించాను. నా భార్య ఇల్లంతా వెతికి, దించుకుని, నన్నేమీ అనకుండా వంకాయలు కోసుకుంది. విచిత్రం ఏమిటంటే ఆఫీసులో నా సొరుగు నిండా అరబ్లేళ్లున్నా అక్కడ చెయ్యి వణకలేదు. అక్కడ పాప లేదు కదా. కానీ సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు చొక్కా జేబు, ప్యాంటు జేబులు, టిఫిను డబ్బా మూడేసిసార్లు వెతుక్కునేవాణ్ణి, ఏ బ్లేడు ముక్కయినా నాతో ఇంటికి వస్తుందేమోనని. కొన్నిరోజులు సగం దారి నుంచి వెనక్కి వచ్చి మళ్లీ వెతుక్కున్నాను. వాచ్‌మన్ నేనేదో పోగొట్టుకున్నాననుకున్నాడు.

పేపర్లో జిల్లా పేజీ చదవడం మానేశాను. కన్నబిడ్డనే చంపిన తండ్రి అన్న వార్త ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ తండ్రికి కూడా మొదట నాలాగే తలపు వచ్చి ఉంటుందని, ఒకరోజు నా వార్త కూడా అక్కడే వేస్తారని అనుకునేవాణ్ణి. నా లోపల ఒక హంతకుడున్నాడు, ఇన్నాళ్లూ నాకే తెలియలేదు అని గట్టిగా నమ్మాను. ఎవరితోనైనా అంటే పిచ్చి దవాఖానలో వేస్తారు. అది కూడా పెద్ద లెక్క కాదు. పాపను మళ్లీ ముట్టుకోనివ్వరు.

గడ్డం పెరిగింది. పెరిగిన గడ్డానికి మన దగ్గర కారణం చెప్పాలి. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్నాను. భక్తి లేదని అనను. కానీ పూజల పేరుతో ఇంటికి దూరంగా, తోటి స్వాముల దగ్గర గడపవచ్చు, గడ్డం ఎందుకని ఒక్కరూ అడగరు. ఆ నలభై ఒక్క రోజులూ హాయిగా ఊపిరి తీసుకున్నాను. శబరిమల నుంచి వచ్చాక మిగతా స్వాములందరూ నున్నగా గీసుకుని ఆఫీసులకు వెళ్లారు. నేను మాత్రం గుట్ట మీది దేవుడికి తలనీలాల మొక్కు ఉందన్నాను. అది పచ్చి అబద్ధం. దేవుణ్ణి కూడా నా దొంగ సాక్ష్యానికి లాగాను.

మంగలి దగ్గరికి పోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. పోయాను. గడియారం సెంటరుకు దగ్గర్లో ఒక కటింగు షాపు. కుర్చీలో కూర్చున్నాను, గుడ్డ కప్పాడు, నురగ రాశాడు. అంతలో పక్క కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి, పాప ఈడు పిల్లను జుట్టు కత్తిరించడానికి కూర్చోబెట్టారు. అద్దం కింద చెక్క మీద, నా చెయ్యందేంత దూరంలో కత్తి ఉంది. నేను గుడ్డ లాగి పారేసి రోడ్డు మీదికి వచ్చేశాను. "ఓ సార్, సబ్బు! మొఖానికి సబ్బున్నది సార్!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆ షాపు ముందునుంచి మళ్లీ ఎన్నడూ నడవలేదు.

ఉగాది దాటాక మా ఆఫీసుకు కొత్త జీపు వచ్చింది. దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ తెచ్చారు. చుట్టూ అందరం నిలబడ్డాం. మా ఇంజనీరు పెద్ద కత్తి తీసి, చెయ్యి తిరిగినవాణ్ణని కాబోలు, నాకిచ్చాడు. జీపు చూడ్డానికి క్వార్టర్ల నుంచి పిల్లలు కూడా వచ్చారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"నేను కొట్ట సార్. నా తోటి కాదు."

ఇంజనీరు ముఖం ఎర్రబడింది. అంతలో మా ముసలి అటెండరు ముసిముసిగా నవ్వి ముందుకు వచ్చాడు. "సార్, ఆయనకు చెప్పకున్రి. గడ్డం సూస్తలేరా? ఇంట్ల ఆమె నీళ్లోసుకున్నట్టున్నది."

ఒక్కసారిగా అందరికీ అన్నీ అర్థమైపోయాయి. పెళ్లాం కడుపుతో ఉన్నవాడు గడ్డం తీయడు, కాయ కొట్టడు, కత్తి పట్టడు. నేను భయంతో మానేసిన ప్రతి పనీ పద్ధతి ప్రకారం సరిగ్గా ఉంది. వీపు తట్టారు, చాయ్ పోయమన్నారు. అటెండరే గుమ్మడికాయ కొట్టాడు. నేను అవుననలేదు, కాదనలేదు. పళ్లికిలించి నిలబడ్డాను. నా బతుకులో అంత సిగ్గుమాలిన నవ్వు ఇంకోటి లేదు.

అటెండరు భార్య మా వీధి నల్లా దగ్గరే నీళ్లు పడుతుంది. మర్నాటికి ఆడవాళ్లు నా భార్య చంకలో బిందె లాక్కున్నారట. ఏమీ లేదని ఎంత చెప్పినా వినలేదట. మూడో నెల దాకా ఎవరైనా అట్లనే అంటారు అన్నారట. నా భార్య నాకు మేనమామ కూతురు, అచ్చంపేట దగ్గర పుట్టి పెరిగింది, మాట దాచుకునే మనిషి కాదు. ఇంటికి వచ్చి బిందె దబ్బున దించింది.

"బావా, ఆఫీసుల ఏమన్నవ్?"

"నేనేమన్లే."

"మరి గడ్డమెందుకు తీస్తలేవ్?"

"మొక్కున్నది."

"నాకు తెల్వని మొక్కెప్పుడు మొక్కినవ్?"

చెప్పులు వేసుకుని బయటికి పోయాను. ఆ రోజుల్లో నాకు వచ్చిన ఒకే విద్య అది.

అప్పటికే ఒక వారపత్రికలో డాక్టరు జవాబులిచ్చే పేజీకి ఉత్తరం రాశాను. కింద 'ఒక సోదరుడు, నల్గొండ' అని పెట్టి, నల్గొండ కొట్టేశాను. తర్వాత కవరు మీద పోస్టాఫీసు ముద్ర పడుతుందని గుర్తొచ్చింది. చింపి పొయ్యిలో వేసి, కాలేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఆ ఎండాకాలమే గడియారం సెంటరు సందులో ఇంటర్నెట్ సెంటరు తెరిచారు. ముందు అది టైపు నేర్పే చోటు. నడిపే పెద్దాయన ముస్లిం, నా పెళ్లికి ముందు నేను ఆయన దగ్గరే టైపు నేర్చుకున్నాను. నాలుగు కంప్యూటర్లు, మధ్యన ప్లైవుడ్ అడ్డాలు. ఏముంటుంది ఇందులో అని అడిగితే, "మాట్లాడుకుంటరు సార్. ఎవరికి ఎవరు తెల్వదు. పేరు సుత మీ ఇష్టమొచ్చింది పెట్టుకోన్రి. ఫికరే లేదు" అన్నాడు. ఎవరికి ఎవరు తెలియదన్న ఆ ఒక్క ముక్క నన్ను లోపలికి లాగింది.

తెలుగువాళ్లందరూ చేరే ఒక గది చూపించాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకుంటున్నారు. మొదటి ఆదివారం ఉట్టిగా చూస్తూ కూర్చున్నాను. ఒకడు గడ్డం గీస్తే మొటిమలు తెగి రక్తం వస్తోందంటాడు. ఇంకొకడు కిందినుంచి పైకి గీయకురా అంటాడు. వేరే ఒకడు ఎక్కడెక్కడ గీయాలో, గీయకూడదో నిర్మొహమాటంగా అడుగుతాడు, దానికి పదిమంది జవాబు చెబుతారు. ఒకాయన భార్య తన పక్కకు రావడం లేదన్నాడు. ఇంకొకాయన తండ్రి ఉరి వేసుకున్నప్పటి నుంచి మాత్రలు మింగుతున్నానని, ప్రతి శుక్రవారం ఒక డాక్టరు ఎదురుగా గంటసేపు మాట్లాడి వస్తానని, ఇప్పుడు అన్నం సయిస్తోందని రాశాడు. మంగలి షాపులో గుసగుసగా కూడా అనని మాటలు. పెద్దాయన నా వెనక నిలబడ్డాడేమోనని నిమిషానికోసారి తిరిగి చూశాను. ఆయన బయట పాన్ నములుతూ పేపరు చదువుతున్నాడు.

మూడు ఆదివారాలు అలా చూసి, నాలుగో ఆదివారం రాశాను. టైపు పరీక్ష పాసైనవాణ్ణి, ఒక్క వేలితో కొట్టాను. బ్లేడు పట్టుకుంటే ఎవరికైనా భయమేస్తుందా?

"తెగుద్దనా? కరెంటుది కొనుక్కో గురూ" అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

నాకు కాదు, పక్కవాళ్లకు అని కొట్టాను. తెరమీద ఎవరూ ఏమీ రాయడం లేదు. పోలీసులకు ఇది కనిపిస్తుందా, ఈ సెంటరు పేరు తెలుస్తుందా అనుకుంటూ లేవబోయాను. అప్పుడు పక్కన చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో రాసింది మిగతావాళ్లకు కనబడదని అప్పటికి నేర్చుకున్నాను.

"పక్కన ఎవరుంటే అండీ?"

పాప అని కొట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

"నాకు బాబు. నాది కూరల కత్తి. ఆరు నెలలు వాణ్ణి వంటింట్లోకి రానివ్వలేదు."

నేను ఏడ్చాను. ప్లైవుడ్‌కు తల ఆనించి, చప్పుడు రాకుండా ఏడ్చాను. లోకంలో ఇంకొకరున్నారు. ఆమె ఎవరో, ఏ ఊరో అడగలేదు, ఆమె చెప్పలేదు. మాటను బట్టి కోస్తా వైపు మనిషి. అది జబ్బని, దానికి ఒక పేరుందని, చాలామందికి వస్తుందని రాసింది. వారానికోసారి డాక్టరుతో మాట్లాడుతుందట, మాత్రలు కూడా వేసుకుంటుందట.

"మీకు చెయ్యాలనుందా?" అని అడిగింది.

"లేదు. ఇల్లు విడిచి పోవాలనుంది" అని కొట్టాను. అది నిజం. మేళ్లచెరువు వైపు సెక్షనుకు బదిలీ కావాలని, కుటుంబం ఇక్కడే ఉంటుందని అప్పటికే అర్జీ పెట్టాను. నేను లేకపోతే పాప బతుకుతుంది. నాకు తోచిన వైద్యం అదొక్కటే.

"పోకండి. ఇంట్లో ఒక్కరికన్నా చెప్పండి. దాచేకొద్దీ పెరుగుద్ది."

"చెబితే పిల్లను ఇవ్వరు."

జవాబు వచ్చింది. "మా అత్తగారికి చెప్పాను. మూడు నెలలు బాబుని నా చేతికి ఇవ్వలేదు." ఆ తర్వాత ఇంకేదో రాస్తోంది. ఇంతలో తెర గడ్డకట్టింది. "ఫోన్ వచ్చింది సార్, లైన్ కట్టయింది. జర ఆగున్రి" అన్నాడు పెద్దాయన. అరగంట ఆగాను. ఆమె మళ్లీ దొరకలేదు. తర్వాత నాలుగు ఆదివారాలు పోయి కూర్చున్నా దొరకలేదు. ఆమె మంచికే చెప్పింది, కానీ నాకు మిగిలింది ఆ మూడు నెలల మాట. ఇక చచ్చినా చెప్పకూడదనుకున్నాను.

వేసవి పెళ్లిళ్లలో నా గడ్డం కబురు అచ్చంపేట దాకా పోయింది. ఒకరోజు మా అత్త, అంటే నా భార్య తల్లి, బస్సు దిగి నవ్వుతూ వచ్చింది. బిడ్డకు పులుపు తినబుద్ధవుతుందని చింతకాయ తొక్కు, నల్లమల తేనె సీసా తెచ్చింది. లోపలి గదిలో తల్లీబిడ్డలు చాలాసేపు మాట్లాడుకున్నారు. మొదట నవ్వులు వినిపించాయి, తర్వాత ఏమీ వినిపించలేదు.

అత్త బయటికి వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. వెనకాల నా భార్య గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. ముందురోజే వచ్చిన బదిలీ ఆర్డరు. ఉతకడానికి వేసిన చొక్కా జేబులోంచి తీసినట్టుంది.

"అల్లుడా, నా బిడ్డ కడుపుతోని లేదు" అంది అత్త. "మరి నువ్వెవరి కోసం పెంచుతున్నవ్ గా గడ్డం? మేళ్లచెరువుల ఎవరున్నరు?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గడ్డం ఉంది, ఇంట్లో కడుపు లేదు, ఒక్కణ్ణే పోతున్నాను. వాళ్ల లెక్క తప్పేమీ కాదు. అక్కడ ఒక ఆడమనిషి ఉంది, ఆమె కడుపుతో ఉంది, ఆమె కోసం నేను కత్తి ముట్టడం లేదు.

నిజం చెబుతాను. అవునందామనిపించింది. అవునంటే తిడతారు, నలుగురిలో పంచాయితీ పెడతారు, తరిమేస్తారు. పాపను ఎత్తుకుని అచ్చంపేట పోతారు. నేను కోరుకున్నదంతా ఒక్క ముక్కతో జరిగిపోతుంది. తప్పు చేసిన మగవాణ్ణి మన ఊళ్లలో చూసి ఉన్నారు, పిల్ల మెడ చూసి భయపడే తండ్రిని ఎవరూ చూడలేదు. నోరు తెరిచాను కూడా.

గుమ్మంలో నా భార్య ముఖం చూశాను. కోపం లేదు. ఆమె కూడా భయపడుతోంది. నన్ను చూసి కాదు, నేను చెప్పబోయేది ఏమిటోనని.

"అత్తా, నువ్వు జర పాపను పట్టుకొని వాకిట్ల కూసో" అన్నాను.

అత్త వెళ్లాక నేల చూస్తూ చెప్పాను. దసరా ముందు పొద్దున ఏమైందో, కత్తిపీట ఎందుకు సజ్జ ఎక్కిందో, మాల, మొక్కు, గుమ్మడికాయ, బదిలీ. మెడ అన్న మాట దగ్గర నాలుక తిరగలేదు. చెయ్యితో నా మెడనే చూపించాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. అంతా అయ్యాక, ఇంక ఈ ఇంట్లో నాకు పాప లేదు అనుకుంటూ తల దించుకునే కూర్చున్నాను.

ఆమె ఒక్కటే అడిగింది. "ఎప్పుడన్న చెయ్యి లేసిందా?"

"లేదు."

వాకిట్లోకి వెళ్లింది. తల్లి ఒళ్లోంచి పాపను తీసుకుని వచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది. మూల నుంచి రెండు బిందెలు తీసుకుంది. "అమ్మా, నడువు, నల్లా వచ్చింది" అంది. అత్త ఏదో అడగబోతే చెయ్యి పట్టి లాక్కుపోయింది. వాకిలి తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

ఎనిమిది నెలల తర్వాత ఇంట్లో నేనూ పాపా మాత్రమే ఉన్నాం. కత్తిపీట వంటగది నేల మీదే ఉంది, నేను కూర్చున్న చోటికి కనబడుతోంది. తలపు వచ్చింది. రాకుండా ఎందుకుంటుంది. నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పాప నా గడ్డంలో వేళ్లు పెట్టి లాగింది, నొప్పికి కళ్లలో నీళ్లొచ్చాయి. పడిపోతుందని చేతులు బయటికి తీసి పట్టుకున్నాను. వీధిలోంచి నల్లా దగ్గర గొడవ వినబడుతోంది. ఎవరో వరుస తప్పి బిందె పెట్టినట్టున్నారు, నా భార్య గట్టిగా దబాయిస్తోంది. చాలాసేపటి దాకా రాలేదు.

బదిలీ రద్దు చేయించుకోవడానికి నానా తిప్పలు పడ్డాను. తర్వాత ప్రతి గురువారం హైదరాబాదు బస్సెక్కి, ఒక డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడాను. ఆ కోస్తా తల్లి చెప్పినట్టే జబ్బుకు పేరుంది. చాలా నెలలు పట్టింది. రోజూ పాపను ఎదురుగా నిలబెట్టుకుని గడ్డం గీసుకోమనడమే ఆయన పెట్టిన పథ్యం. మొదటి వారం నా ముఖం నిండా గాట్లే. ఇప్పటికీ ఏడాదికోసారి ఆ తలపు పలకరించి పోతుంది. ఇంకా భయపడతాను, ఒక నిమిషం.

పాప బడికి పోయే ఈడు వచ్చాక ఒకరోజు నా భార్యను అడిగాను. "ఆ పొద్దు నీకు భయం గాలేదా?"

"గాలేదా? బిందె నిండి పొర్లుతుంటె సూసుకోలే. నల్లా కాడ ఊకెనే కొట్లాట పెట్టుకున్న, లేకుంటె ఇంటికి ఉరికొస్తుంటి."

"మరెందుకు ఇడిసిపెట్టి పోయినవ్?"

చేటలో బియ్యం చెరుగుతూ నా వైపు చూడకుండానే అంది. "దాన్ని ఎత్తుకపోతె, నువ్వు నిజమే అనుకుంటుంటివి బావా."